మైకు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కొలవాలంటే మల్టీమీటర్ పక్కన పెట్టండి

అవుట్‌పుట్ ఇంపెడెన్స్ అంటే మైకు ఇచ్చే ఆడియో సిగ్నల్‌కు మైకు లోపలే ఎదురయ్యే అడ్డు, ఓమ్‌లలో. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ష్యూర్ ఎస్ఎం58 మైకు 2, 3 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే వచ్చిన ఓమ్‌లు ఒకటి, స్పెక్ షీట్‌లో రాసిన 150 ఓమ్‌లు ఇంకొకటి, ఆ పక్కనే అసలు విలువ అంటూ ఇచ్చిన 300 మరొకటి. వీటిలో ఏది నమ్మాలి? ఇంట్లో ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌తోనే (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కొలుచుకోవచ్చా? అదే పద్ధతి కండెన్సర్, రిబ్బన్ మైకులకూ పనికొస్తుందా?

ఇంట్లోనే కొలవొచ్చు. కావాల్సినవి ఒక ఇనుప డబ్బా, రెండు ఎక్స్ఎల్ఆర్ సాకెట్లు (మైకు కేబుల్‌కు ఉండే మూడు పిన్నుల రకం), ఒక రోటరీ స్విచ్, గుప్పెడు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి. రెసిస్టర్లు మాత్రం 1 శాతం మెటల్ ఫిల్మ్‌వే అడిగి తీసుకోండి. 5 శాతం కార్బన్‌వి పెడితే కొలత ఎంత శ్రద్ధగా చేసినా ఆ 5 శాతం తప్పు జవాబులో అలాగే ఉండిపోతుంది. జాగ్రత్తగా చేస్తే నిజానికి మూడు నాలుగు శాతం దగ్గరి దాకా వస్తారు. ఎక్కువమంది లెక్క చెడేది ఒక్క చోటే: ప్రీఆంప్ (ఇంటర్‌ఫేస్‌లో మైకు సిగ్నల్‌ను పెంచే భాగం) తన సొంత ఇన్‌పుట్ ఇంపెడెన్స్‌తో మైకును అప్పటికే లోడ్ చేస్తోందన్న సంగతి మర్చిపోవడం. కిందికి వచ్చాక దాన్ని లెక్కలోంచి ఎలా తీసేయాలో చెబుతాను.

ముందు మల్టీమీటర్ సంగతి. అది చూపించేది డీసీ రెసిస్టెన్స్, మీకు కావాల్సింది ఆడియో ఫ్రీక్వెన్సీల దగ్గరి ఇంపెడెన్స్. ఎస్ఎం58 హ్యాండిల్ లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. క్యాప్సూల్ కాయిల్ దాని ప్రైమరీకి, 2, 3 పిన్నులు సెకండరీకి. డీసీకి ట్రాన్స్‌ఫార్మర్ గోడలాంటిది, కాబట్టి మీటర్‌కు కనబడేది సెకండరీ వైండింగ్ తీగ ఒక్కటే, కాయిల్ కాదు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం కాయిల్ రెసిస్టెన్స్, ప్రైమరీ తీగ రెసిస్టెన్స్ రెండూ టర్న్స్ నిష్పత్తి వర్గంతో గుణించుకుని ఇవతలికి వచ్చి సెకండరీకి కలుస్తాయి. మీ మీటర్ రీడింగ్ అసలు విలువకన్నా తక్కువ రావడానికి కారణం ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ లేని డైనమిక్ మైకులైతే (ఎస్ఎం58లా అయస్కాంతంలో కాయిల్ కదిలే రకం) మీటర్ రీడింగ్, 1 కిలోహెర్ట్జ్ విలువ కాస్త దగ్గర దగ్గరగానే ఉంటాయి. అందుకే కొందరు మీటర్‌తో కొలిచి సరిగ్గానే వచ్చిందంటారు. వాళ్ల మైకుకు అది నిజమే.

మీటర్ మైకును ఎంత గట్టిగా తోస్తుందో కూడా చూడండి. ఓమ్స్ రేంజ్‌లో 1 మిల్లీఆంపియర్ పంపే మీటర్ 300 ఓమ్‌ల మీద 300 మిల్లీవోల్ట్‌లు పెడుతుంది. ఎస్ఎం58 ఇచ్చేది 94 డీబీ శబ్దానికి 1.85 మిల్లీవోల్ట్‌లు. ఆ లెక్కన 300 మిల్లీవోల్ట్‌లంటే 138 డీబీ శబ్దం ఇచ్చే వోల్టేజ్. మీటర్ ముల్లు తగలగానే మైకు లోంచి వినబడే ‘టక్’ అదే. డైనమిక్ మైకు తట్టుకుంటుంది. రిబ్బన్ మైకు దగ్గరికి మాత్రం ఓమ్ మీటర్ తీసుకెళ్లొద్దు. రిబ్బన్ ట్రాన్స్‌ఫార్మర్ టర్న్స్ నిష్పత్తి చాలా పెద్దది కాబట్టి మీటర్ తగిలిన క్షణంలో పుట్టే కుదుపు రిబ్బన్ వైపు కరెంటుగా పదులరెట్లు పెరిగి వెళ్తుంది. మైక్రాన్ల మందం ఉన్న అల్యూమినియం రేకు సాగిపోవడానికి అది చాలు.

ఇక పద్ధతి. మైకును ఒక వోల్టేజ్ సోర్స్, దానికి వరుసలో ఒక రెసిస్టర్ అనుకోండి. లోడ్ లేనప్పుడు వోల్టేజ్ చూడండి, తెలిసిన లోడ్ (అవుట్‌పుట్‌కు అడ్డంగా కలిపే రెసిస్టర్) పెట్టి మళ్లీ చూడండి. ఎంత పడిందో దాన్ని బట్టి లోపలి రెసిస్టర్ తెలుస్తుంది.

సోర్స్ ఇంపెడెన్స్ = లోడ్ × (లోడ్ లేనప్పటి వోల్టేజ్ ÷ లోడ్ ఉన్నప్పటి వోల్టేజ్ − 1)

వోల్టేజ్ సరిగ్గా సగానికి, అంటే 6 డీబీ పడితే లోడ్, సోర్స్ సమానం. ఇక్కడ కావాల్సింది నిష్పత్తే కాబట్టి అసలు మిల్లీవోల్ట్‌లు ఎన్ని, గెయిన్ ఎంత, ఇంటర్‌ఫేస్ కాలిబ్రేట్ అయిందా లేదా అన్నవేవీ అక్కర్లేదు. గెయిన్ నాబ్ ఒకసారి పెట్టాక ముట్టుకోకపోతే చాలు. ఇంటర్‌ఫేసే వోల్ట్‌మీటర్. చవక మల్టీమీటర్ ఏసీ రేంజ్‌తో ఈ పని కాదు. అర మిల్లీవోల్ట్ సిగ్నల్‌కు దానికి చివరి అంకె తప్ప ఏమీ కదలదు, పైగా వాటిలో చాలావాటికి కొన్ని వందల హెర్ట్జ్ దాటితే రీడింగ్ నిలవదు.

డబ్బా ఇలా కట్టండి. మైకు కేబుల్ వచ్చి దిగే ఫీమేల్ ఎక్స్ఎల్ఆర్ ఒకవైపు, ప్రీఆంప్‌కు వెళ్లే మేల్ ఎక్స్ఎల్ఆర్ ఇంకోవైపు. 1, 2, 3 పిన్నులు నేరుగా అటు నుంచి ఇటు. డబ్బా లోహాన్ని 1వ పిన్నుకు కలపండి. 220 మైక్రోఫారడ్, 63 వోల్ట్‌ల ఎలక్ట్రోలిటిక్‌లు రెండింటిని మైనస్‌కు మైనస్ కలిపితే పోలారిటీ లేని 110 మైక్రోఫారడ్ కెపాసిటర్ అవుతుంది. దాని ఒక చివర 2వ పిన్నుకు, రెండో చివర రోటరీ స్విచ్ మధ్య కాలికి. స్విచ్ ఆరు స్థానాలది చాలు. మొదటి స్థానం ఖాళీ, తర్వాత వరుసగా 150, 270, 560 ఓమ్‌లు, 1 కిలో ఓమ్, 2.2 కిలో ఓమ్‌లు. ఈ రెసిస్టర్ల రెండో చివరలన్నీ 3వ పిన్నుకు. స్విచ్ మధ్య కాలి నుంచి 3వ పిన్నుకు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా ఉంచండి.

కెపాసిటర్ ఎందుకంటే, కండెన్సర్ మైకులో 2, 3 పిన్నుల డీసీ వోల్టేజ్‌లు సమానంగా ఉండాలి కానీ అన్ని మైకుల్లో ఉండవు. అర వోల్ట్ తేడా ఉన్నచోట 150 ఓమ్‌లు నేరుగా పెడితే 3 మిల్లీఆంపియర్లు అటూ ఇటూ పారి అవుట్‌పుట్ స్టేజ్ బయాస్ మారిపోతుంది. అప్పుడు మీరు కొలిచేది వేరే మైకు. 63 వోల్ట్‌ల రేటింగ్ అవసరం, ఎందుకంటే ఫాంటమ్ (ప్రీఆంప్ నుంచి కేబుల్ గుండా కండెన్సర్ మైకుకు వెళ్లే 48 వోల్ట్‌ల సరఫరా) ఆన్ చేసే క్షణంలో ఒక కాలు మీద 48 వోల్ట్‌లు, ఇంకో కాలు మీద ఇంకా ఏమీ లేకపోవడం జరుగుతుంది. ఆ 100 కిలో ఓమ్‌లు కెపాసిటర్‌ను ముందే చార్జ్ చేసి ఉంచుతాయి, లేకపోతే స్విచ్ తిప్పినప్పుడల్లా స్పీకర్లలో ‘ధబ్’మంటుంది. 110 మైక్రోఫారడ్ రియాక్టెన్స్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటిన్నర ఓమ్, 100 హెర్ట్జ్ దగ్గర పద్నాలుగున్నర ఓమ్‌లు. రెసిస్టర్‌తో 90 డిగ్రీల తేడాలో ఉంటుంది కాబట్టి 270 ఓమ్‌ల లోడ్ 100 హెర్ట్జ్ దగ్గర 270.4 అవుతుంది, అంతే. కాబట్టి డైనమిక్‌కి, కండెన్సర్‌కి ఒకే డబ్బా చాలు.

మైకు పెట్టేముందు రెండు పనులున్నాయి. మొదటిది మీ ప్రీఆంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ కనుక్కోవడం. కంపెనీ చెప్పిన అంకె ఉంటుంది (ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరానికి 3 కిలో ఓమ్‌లు) కానీ మీ డబ్బాలోని 100 కిలో ఓమ్‌లు, ఫాంటమ్ రెసిస్టర్లు అన్నీ కలిసిన అంకె కావాలి. ఫాంటమ్ సరఫరాలో ఒక్కో కాలుకు 6.8 కిలో ఓమ్‌లు, అంటే 2, 3 పిన్నుల మధ్య 13.6 కిలో ఓమ్‌లు సమాంతరంగా ఉన్నట్టే. కొన్ని ప్రీఆంపుల్లో స్విచ్ ఆఫ్ చేసినా అవి అక్కడే ఉంటాయి, కొన్నింటిలో తొలగిపోతాయి. అందుకని మైకును ఫాంటమ్‌తో కొలవబోతుంటే ఈ అంకె కూడా ఫాంటమ్ ఆన్‌లోనే తీయాలి.

ఇంటర్‌ఫేస్ బ్యాలెన్స్‌డ్ లైన్ అవుట్ నుంచి ఒక కేబుల్ చేయండి (జాక్ కొన టిప్, మధ్య పట్టీ రింగ్, మొదలు స్లీవ్). టిప్ నుంచి 10 కిలో ఓమ్‌లు 2వ పిన్నుకు, రింగ్ నుంచి 10 కిలో ఓమ్‌లు 3వ పిన్నుకు, 2, 3 పిన్నుల మధ్య 150 ఓమ్‌లు, స్లీవ్ 1వ పిన్నుకు. లైన్ అవుట్‌లో 1 వోల్ట్ ఉంటే ఇవతల 7.4 మిల్లీవోల్ట్‌లు వస్తాయి, దాని సోర్స్ ఇంపెడెన్స్ 149 ఓమ్‌లు. ఇది మీ నకిలీ మైకు. ఫాంటమ్ ఆన్‌లో వాడేటట్టయితే 2, 3 పిన్నులకు వెళ్లే రెండు దారుల్లోనూ పైన చెప్పినట్టు 110 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టండి, లేకపోతే ఆ 48 వోల్ట్‌లు రెసిస్టర్ల గుండా మీ లైన్ అవుట్ మీదికి వస్తాయి. దీన్ని డబ్బాకు కలిపి, స్విచ్ ఖాళీ స్థానంలో పెట్టి లెవెల్ రాసుకోండి. తర్వాత ఒక్కో కాలులో 1.5 కిలో ఓమ్‌లు, అంటే మొత్తం 3 కిలో ఓమ్‌లు వరుసలో చేర్చి మళ్లీ రాసుకోండి. ఉదాహరణకు 6.76 డీబీ పడిందనుకుందాం. నిష్పత్తి 2.178. 3,000ని 1.178తో భాగిస్తే 2,547. అందులోంచి 149 తీసేస్తే దాదాపు 2,400. అది మీ ఇన్‌పుట్ ఇంపెడెన్స్, డబ్బాతో సహా.

ఇంటర్‌ఫేస్ డైరెక్ట్ మానిటర్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. అది ఆన్‌లో ఉంటే ఇన్‌పుట్ తిరిగి అవుట్‌పుట్‌లోకి వెళ్లి గుండ్రంగా తిరుగుతుంది, అంకెలు అర్థం లేకుండా వస్తాయి.

రెండో పని, ఆ నకిలీ మైకు మీదే మొత్తం పద్ధతిని పరీక్షించుకోవడం. అదనపు 1.5 కిలో ఓమ్‌లు తీసేసి, స్విచ్‌ను ఖాళీ నుంచి 150కి తిప్పండి. 2,400 ఓమ్‌ల ఇన్‌పుట్‌తో 5.7 డీబీ పడాలి. పడితే డబ్బా, కేబుల్, లెక్క అన్నీ సరిగ్గా ఉన్నట్టు. అసలు పడకపోతే సోల్డర్ తప్పు. ఎక్కువసార్లు జరిగేది మేల్, ఫీమేల్ సాకెట్ల వెనక నుంచి చూసినప్పుడు పిన్నుల వరుస అద్దంలోలా తిరగబడుతుందని గమనించక, లోడ్ 2, 3 మధ్య కాకుండా 1, 3 మధ్య పడటం. సాకెట్ మీద పిన్ను అంకెలు చెక్కి ఉంటాయి, భూతద్దం పెట్టయినా చూసుకోండి.

ఇప్పుడు మైకు. చిన్న స్పీకర్ ఒకటి, నాలుగైదు అంగుళాల డ్రైవర్‌ది, దాని ముందు 15 సెంటీమీటర్ల దూరంలో మైకు, రెండూ స్టాండ్ల మీద. మైకు చేత్తో పట్టుకుని కొలిచే ప్రయత్నమే వద్దు. సెంటీమీటర్ జరిగితే అర డీబీ పోతుంది, మీరు వెతుకుతున్నదేమో డీబీలో పదో వంతు. మైకు దగ్గర 80 నుంచి 85 డీబీ శబ్దం చాలు. 84 డీబీ దగ్గర ఎస్ఎం58 దాదాపు 0.6 మిల్లీవోల్ట్ ఇస్తుంది, ప్రీఆంప్‌లో 40, 50 డీబీ గెయిన్‌తో అది చక్కగా కనబడుతుంది.

టోన్‌కు సరిగ్గా 1,000 హెర్ట్జ్ పెట్టొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని ఇరవయ్యో హార్మోనిక్ సరిగ్గా 1,000 మీద కూర్చుంటుంది. 1,025 పెడితే రెండు హార్మోనిక్‌ల మధ్య ఖాళీలో పడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ హార్మోనిక్‌లు చాలా పైదాకా దట్టంగా ఉంటాయి. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద ఉంచండి.

రీడింగ్ మొత్తం లెవెల్ మీటర్ నుంచి కాకుండా ఎఫ్ఎఫ్‌టీలో (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీల వారీగా విడదీసి చూపే గ్రాఫ్) ఆ ఒక్క టోన్ శిఖరం నుంచి తీసుకోండి. ఆర్ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని ఆర్‌టీఏ కిటికీలో 64కే పొడవు, 16 సగటులు పెడితే డీబీలో పదో వంతు స్థిరంగా చదవొచ్చు. టోన్ వాయించేది, రికార్డ్ చేసేది ఒకే ఇంటర్‌ఫేస్ అయితే రెండింటికీ గడియారం ఒకటే కాబట్టి శిఖరం అటూ ఇటూ జరగదు. టోన్ ఫోన్‌లోంచి, రికార్డింగ్ ల్యాప్‌టాప్‌లోకి అయితే ఆ హామీ లేదు.

సీలింగ్ ఫ్యాన్ ఆపండి. గాలి చప్పుడు ఒక్కటే కాదు సమస్య, తిరిగే రెక్కల మీంచి ప్రతిధ్వని వచ్చి టోన్ లెవెల్ ఊగుతుంది. మీరు నిలబడే చోటు కూడా మార్చొద్దు. మనిషి ఒంటి మీంచి తిరిగొచ్చే శబ్దం 1 కిలోహెర్ట్జ్ దగ్గర లెవెల్‌ను రెండు మూడు పదో వంతులు కదిలించగలదు. స్విచ్ డబ్బాను కేబుల్ పొడవున దూరంగా పెట్టుకుని ఒకేచోట కూర్చుని తిప్పండి. స్పీకర్‌ను ఐదు నిమిషాలు అదే టోన్‌తో నడవనివ్వండి, వాయిస్ కాయిల్ వేడెక్కేకొద్దీ లెవెల్ మెల్లగా దిగుతుంది. ఆ తర్వాత ఖాళీ, లోడ్, మళ్లీ ఖాళీ, ఈ వరుసలో మూడు రీడింగులు. మొదటి ఖాళీకి, రెండో ఖాళీకి తేడా 0.1 డీబీ దాటితే ఆ జత పారేసి మళ్లీ తీయండి. జవాబు మైనస్‌లో వచ్చిందంటే మైకు వింతది కాదు, మధ్యలో శబ్దం మారింది.

విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు, నాయిస్ సప్రెషన్, ఇంటర్‌ఫేస్‌లో ఆటో గెయిన్ లాంటివి అన్నీ ఆపేయాలి. ఆటో గెయిన్ పని చేస్తుంటే లోడ్ పెట్టినా ఏమీ పడదు, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సున్నా అని తేలుతుంది! ల్యాప్‌టాప్ సొంత మైక్ జాక్ కూడా వాడొద్దు, అందులో ఎలెక్ట్రెట్‌ల కోసం ఇచ్చే బయాస్ వోల్టేజ్ ఉంటుంది.

లెక్క ఒకసారి చేద్దాం. 270 ఓమ్‌ల లోడ్, 5.9 డీబీ పడింది, ఇన్‌పుట్ 2,400. 5.9 డీబీ నిష్పత్తి 1.972. 270 × 0.972 = 262.6 ఓమ్‌లు. చాలామంది ఇక్కడే ఆగి ఇదే జవాబు అనుకుంటారు. కానీ ఇది మైకు, ప్రీఆంప్ రెండూ సమాంతరంగా కలిసిన విలువ. ప్రీఆంప్‌ను తీసేయాలంటే:

మైకు ఇంపెడెన్స్ = 262.6 × 2,400 ÷ (2,400 − 262.6) = 295 ఓమ్‌లు

ఎస్ఎం58కి అసలు విలువగా చెప్పే 300కి ఇది దగ్గర. 150 అన్నది రేటెడ్ విలువ, ఈ మైకును ఏ తరహా ఇన్‌పుట్‌కు కలపాలో చెప్పే వర్గం పేరు లాంటిది. లెక్కలకు అసలు విలువే వాడండి. అదే కంపెనీ ఎస్ఎం57కి కూడా రేటెడ్ 150, అసలు విలువ 310 అని ఇస్తుంది.

లోడ్ ఎంత పెట్టాలన్నది ఊరికే ఎంచుకునేది కాదు. పై ఉదాహరణలో 270 ఓమ్‌ల లోడ్‌తో రీడింగ్‌లో 0.1 డీబీ తప్పు జరిగితే జవాబులో తప్పు (ప్రీఆంప్ సవరణకు ముందు) దాదాపు 2.4 శాతం. అదే 1 కిలో ఓమ్ లోడ్‌తో 5.6 శాతం, 2.2 కిలో ఓమ్‌లతో 11 శాతం. వోల్టేజ్ సగానికి పడేంత లోడ్ దగ్గర కొలత గట్టిగా ఉంటుంది. మైకు పాడవుతుందేమోనని 2.2 కిలో ఓమ్‌లతో ఆగేవాళ్లు ఉంటారు. డైనమిక్, రిబ్బన్ మైకులకు తక్కువ లోడ్ ఏ హానీ చేయదు, డయాఫ్రమ్‌కు (శబ్దానికి కదిలే పొర) కాస్త బ్రేక్ పడుతుంది అంతే.

కండెన్సర్ దగ్గర లెక్క మారుతుంది. అవుట్‌పుట్‌లో ఉన్నది ఆంప్లిఫయర్, దానికి ఇవ్వగలిగే కరెంటుకు హద్దుంది. న్యూమన్ టీఎల్ఎం 103 అవుట్‌పుట్ 50 ఓమ్‌లు, రేటెడ్ లోడ్ 1,000 ఓమ్‌లు. 1 కిలో ఓమ్ లోడ్ పెడితే 0.4 డీబీ మాత్రమే పడుతుంది, అందులో 0.1 తప్పు అంటే నాలుగో వంతు తప్పు. కాబట్టి ఇక్కడా 150 ఓమ్‌లదాకా దిగాల్సిందే. కాకపోతే శబ్దం తగ్గించి దిగాలి. 74 డీబీ దగ్గర ఆ మైకు 2.3 మిల్లీవోల్ట్‌లు ఇస్తుంది. 150 ఓమ్‌ల లోడ్ లాగే కరెంటు పన్నెండు మైక్రోఆంపియర్ల లోపే. ఫాంటమ్ మీద కొన్ని మిల్లీఆంపియర్లు లాగే సర్క్యూట్‌కు అది లెక్కలోకి రాదు. అప్పుడు దాదాపు 2.5 డీబీ పడుతుంది, 0.1 డీబీ తప్పుకు జవాబులో 5 శాతం లోపు తప్పు. గట్టి శబ్దంతో, తక్కువ లోడ్‌తో కొలిస్తే అవుట్‌పుట్ క్లిప్ అయి ఇంపెడెన్స్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. ఎఫ్ఎఫ్‌టీలో 2,050, 3,075 హెర్ట్జ్ దగ్గరి శిఖరాలు చూస్తూ ఉండండి. లోడ్ పెట్టగానే అవి టోన్‌తో పోల్చితే పెరిగాయంటే శబ్దం ఇంకా తగ్గించాలి. ఫాంటమ్ ఆన్ చేశాక రెండు మూడు నిమిషాలు ఆగి, గెయిన్ పూర్తిగా దించి స్విచ్ తిప్పడం అలవాటు చేసుకోండి. గెయిన్ మళ్లీ అదే చోటికి కచ్చితంగా రావాలి కాబట్టి క్లిక్కులుండే నాబ్ లేనివాళ్లు గెయిన్ బదులు మానిటర్లు మ్యూట్ చేసుకోవడమే నయం.

న్యూమన్ యూ87 ఏఐ లాంటి ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ కండెన్సర్లు 200 ఓమ్‌ల దగ్గర ఉంటాయి, వాటికి 270 సరిపోతుంది. రోడ్ ఎన్‌టీ1-ఏ 100 ఓమ్‌లు, దానికి 150.

కాలర్ మైకుల్లో, చవక హెడ్‌సెట్లలో వచ్చే ఎలెక్ట్రెట్ క్యాప్సూల్ సంగతి వేరు. లోపల ఒక జేఫెట్ (చిన్న ట్రాన్సిస్టర్), దాని డ్రెయిన్ అనే కాలు బయటికి వస్తుంది. అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌ను చాలావరకు నిర్ణయించేది మీరు పెట్టిన డ్రెయిన్ రెసిస్టరే. 2.2 కిలో ఓమ్‌లు పెట్టి కొలిస్తే 2 కిలో ఓమ్‌లు వచ్చిందనుకోండి, దాని అర్థం జేఫెట్ సొంత డ్రెయిన్ రెసిస్టెన్స్ 22 కిలో ఓమ్‌లు సమాంతరంగా ఉందని. ఇక్కడ లోడ్ 2.2 కిలో ఓమ్‌లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా. దీన్ని 2,400 ఓమ్‌ల మైక్ ప్రీఆంప్‌తో కొలవొద్దు, ఇన్‌పుట్టే సగం మింగేస్తుంది. గిటార్ లాంటివాటి కోసం ఇచ్చే హై ఇంపెడెన్స్ ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ వాడండి.

ఇప్పటిదాకా ఒక్క ఫ్రీక్వెన్సీ గురించే చెప్పాను. డైనమిక్ మైకు ఇంపెడెన్స్ గీత తిన్నగా ఉండదు. డయాఫ్రమ్ రెజొనెన్స్ దగ్గర గుట్టలా లేస్తుంది, పైన ఇండక్టెన్స్ వల్ల మెల్లగా ఎక్కుతుంది. రిబ్బన్‌లో ఆ గుట్ట కింది బేస్‌లో ఉంటుంది, చిన్న స్పీకర్ ఆ శబ్దమే ఇవ్వలేదు. పైగా లోడ్ పద్ధతిలో ఒక లొసుగుంది. సోర్స్ ఇంపెడెన్స్ రెసిస్టర్‌లా ఉన్నంతవరకే సూత్రం నిజం. ఉదాహరణకు పూర్తిగా ఇండక్టివ్‌గా 270 ఓమ్‌లు ఉన్న సోర్స్‌కు 270 ఓమ్‌ల లోడ్ పెడితే సగానికి పడదు, 3 డీబీయే పడుతుంది. సూత్రం దాన్ని 112 ఓమ్‌లంటుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఈ పద్ధతితో వచ్చిన అంకెను అందుకే గట్టిగా పట్టుకోకండి.

మొత్తం గీత కావాలంటే శబ్దం మానేసి మైకులోకే చిన్న కరెంటు పంపాలి. ఇది డైనమిక్, రిబ్బన్ మైకులకే. ఫాంటమ్ కచ్చితంగా ఆఫ్, ఆఫ్ చేశాక ఒక నిమిషం ఆగండి. లైన్ అవుట్ టిప్ నుంచి 4.7 కిలో ఓమ్‌లు 2వ పిన్నుకు, రింగ్ నుంచి 4.7 కిలో ఓమ్‌లు 3వ పిన్నుకు. మైకు, ప్రీఆంప్ ఇన్‌పుట్ రెండూ అదే పిన్నుల మీద. అవుట్‌పుట్ 300 మిల్లీవోల్ట్‌లు దాటనివ్వొద్దు, అప్పుడు మైకు మీద 8 మిల్లీవోల్ట్‌ల పైచిలుకు పడుతుంది. ఎస్ఎం58 దాదాపు 107 డీబీ శబ్దానికి ఇచ్చే వోల్టేజ్ అది, పాటగాడి గొంతు అంతకన్నా గట్టిగానే తోస్తుంది. రిబ్బన్‌కైతే పదో వంతు చాలు. ముందుగా మైకు స్థానంలో 330 ఓమ్‌ల 1 శాతం రెసిస్టర్ పెట్టి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా స్వీప్ చేసి దాచుకోండి. తర్వాత మైకు పెట్టి అదే స్వీప్. రెండింటి తేడాయే మీ గీత.

సవరణ ఇక్కడా ఉంది. ప్రీఆంప్ 2,400, పంపే దారిలోని 9,400 రెండూ మైకుకు సమాంతరం, కలిపి 1,912 ఓమ్‌లు. 330 ఓమ్‌లు దాంతో కలిస్తే 281.4. మైకు గీత దానికన్నా 0.7 డీబీ కింద ఉంటే 259.6. సమాంతరంగా ఉన్న ఆ 1,912ని పై సూత్రంతోనే లెక్కలోంచి తీసేస్తే 300 ఓమ్‌లు. శబ్దంతో కొలిచిన అంకెతో ఇది నాలుగైదు శాతంలో కలవాలి. కలవకపోతే రెండింట్లో ఒకచోట ఇన్‌పుట్ సవరణ మర్చిపోయారు.

ఈ కొలతలో మైకు చిన్న స్పీకర్‌గా పని చేస్తోంది. కాబట్టి దాన్ని బల్ల మీద బోర్లించినా, గ్రిల్‌ను చేత్తో మూసినా గుట్ట ఆకారం మారుతుంది. స్పాంజ్ మీద పడుకోబెట్టి ముందు ఖాళీ వదలండి. గదిలో ఎవరైనా మాట్లాడితే అదీ గీతలో గరుకుగా కనబడుతుంది, మైకు వినడం మానదు కదా.

అంకె తెలిశాక దాంతో ఏం చేయాలన్నదానికి, ఇన్‌పుట్ ఇంపెడెన్స్ మైకుకు కనీసం ఐదు రెట్లు ఉండాలన్నది మామూలు లెక్క. 300 ఓమ్‌ల మైకుకు 1.5 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌లో 1.6 డీబీ పోతుంది, 3 కిలో ఓమ్‌లలో 0.8. లెవెల్ తగ్గడం పెద్ద విషయం కాదు, గెయిన్ ఉంది. గుట్ట దగ్గర 300 కాస్తా 600 అయ్యే మైకైతే 1.5 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌లో అక్కడ 2.9 డీబీ పోతుంది, అంటే మిగతా చోట్లకన్నా 1.3 డీబీ అదనంగా. చెవికి తెలిసేది ఆ తేడా. ఒకే మైకును వై కేబుల్‌తో మెయిన్ మిక్సర్‌కీ, మానిటర్ మిక్సర్‌కీ పంచినప్పుడు గొంతు పలచబడిందని అనిపించడానికి ఇది ఒక కారణం. 2.4 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్లు రెండు కలిస్తే 1.2 కిలో ఓమ్‌లు.

కేబుల్ పొడవుకీ ఇదే అంకె పనికొస్తుంది. మీటరుకు 100 పికోఫారడ్ లెక్కన 100 మీటర్ల కేబుల్ 10 నానోఫారడ్, 300 ఓమ్‌ల మైకుకు ట్రెబుల్ పడటం మొదలయ్యేది 53 కిలోహెర్ట్జ్ దగ్గర, చింత లేదు. పాత పీఏ సెట్లతో వచ్చే హై ఇంపెడెన్స్ మైకు, 50 కిలో ఓమ్‌లది, 10 మీటర్ల కేబుల్‌తోనే 3.2 కిలోహెర్ట్జ్ దగ్గర పడిపోతుంది. అలాంటి మైకు చేతికొస్తే పై డబ్బా పనికిరాదు. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్, 47 కిలో ఓమ్‌ల లోడ్, అర మీటరు మించని కేబుల్, 300 హెర్ట్జ్‌కు దగ్గరగా 325 హెర్ట్జ్ టోన్‌తో కొలవండి. పొడవు కేబుల్‌తో కొలిస్తే మైకు బదులు తీగ కెపాసిటెన్స్‌ను కొలుస్తారు.